ప్రతిష్ఠ అంటే ఏమిటి? ఆ మాట ఎక్కడి నుండి వచ్చింది?

కొత్త మందిరం కట్టిన ఏ సంఘమైనా ముందుగా అచ్చు వేయించేది ఆహ్వాన పత్రిక. పైన ఒక వాక్యం, కింద దైవజనుల పేర్లు, ఫొటోలు, నడుమ పెద్ద అక్షరాల్లో ‘నూతన మందిర ప్రతిష్ఠ’. ఇదే మాటను మనం ఇంకా ఎన్నో చోట్ల వాడుతున్నాం. పసిబిడ్డను సంఘం ముందుకు తెచ్చినప్పుడు ప్రతిష్ఠ ప్రార్థన చేస్తాం. సేవకు వెళ్లే యౌవనస్థుణ్ణి ప్రతిష్ఠిస్తాం. ఉపవాస దినాన్ని ప్రతిష్ఠిస్తాం. అయితే ఆదివారపు బడి పిల్లవాడు లేచి ‘ప్రతిష్ఠ అంటే ఏమిటి?’ అని అడిగితే మన జవాబులు ఒకటిగా ఉండవు. ఒకరు ప్రారంభోత్సవం అంటారు. ఒకరు శుద్ధి చేయడం అంటారు. ఇంకొకరు గౌరవం, పరువు అంటారు.

ప్రియ పాఠకులారా, ఈ వారం ఈ ఒక్క మాటను తీసుకుని, అది తెలుగులోకి ఏ అర్థంతో వచ్చిందో, బైబిలు మూలభాషల్లో దాని వెనుక ఏమున్నదో చూద్దాం. ఇది పండితుల కోసం చేసే పదవిచారణ మాత్రమే కాదు. ఈ మాటను పొరపాటుగా అర్థం చేసుకున్న సంఘం, దేవుణ్ణి పొరపాటుగా అర్థం చేసుకున్నట్టే.

తెలుగులో ఈ మాట

‘ప్రతిష్ఠ’ సంస్కృతం నుండి వచ్చింది. ‘ప్రతి’ అనే ఉపసర్గకు ‘స్థా’ అనే ధాతువు చేరింది. స్థా అంటే నిలబడటం. స్థానం, స్థిరం, స్థాపన అన్నీ ఆ ధాతువు పిల్లలే. కాబట్టి ప్రతిష్ఠ అంటే మొదటి అర్థం కదలకుండా నిలబెట్టడం. గుడిలో విగ్రహ ప్రతిష్ఠ, ధ్వజస్తంభ ప్రతిష్ఠ అనే వాడుక ఇందులో నుండే వచ్చింది. స్థిరంగా నిలిచినవాడికి లోకంలో పేరు వస్తుంది గనుక ‘కీర్తి’ అనే అర్థం కూడా చేరింది. ‘పరువు ప్రతిష్ఠలు’ అని మనం రోజూ అనే మాట అదే.

దీనికి తోడుగా మన బైబిలులో ‘పరిశుద్ధపరచు’ అనే మాట ఉంది. ‘శుద్ధ’ అంటే మురికి లేనిది. ‘పరి’ అంటే చుట్టూ, పూర్తిగా. అన్ని వైపులా శుభ్రమైనది పరిశుద్ధం. కతోలిక సోదరులు ‘పవిత్ర’ అనే మాటను ఎక్కువగా వాడతారు. మనం పరిశుద్ధాత్మ అనే చోట వారు పవిత్రాత్మ అంటారు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో మనం దేవుని నామము ‘పరిశుద్ధపరచబడు’ గాక అంటే, వారు ‘పూజింపబడు’ గాక అంటారు. ‘పవిత్ర’ కూడా శుభ్రపరచడం అనే అర్థమున్న ‘పూ’ ధాతువు నుండి పుట్టింది. కర్మకాండలో దర్భతో చేసి వేలికి తొడుక్కునే ఉంగరాన్ని కూడా ‘పవిత్రం’ అనే అంటారు.

ఈ మాటలేవీ క్రైస్తవులు కొత్తగా పుట్టించినవి కావు. విశాఖపట్నంలో ఆగస్టస్ డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ కలిసి తెలుగులోకి తెచ్చిన సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అప్పటి నుండి ఈ పనిలో చెమటోడ్చిన ప్రతి అనువాదకుడూ ఈ నేల మీద అప్పటికే బతుకుతున్న మాటలనే ఏరుకోవలసి వచ్చింది. మాటతో పాటు దాని పాత సువాసన కూడా వస్తుంది. ప్రతిష్ఠ అనగానే మన చెవికి పరువు వినిపిస్తుంది. పరిశుద్ధం అనగానే శుభ్రత వినిపిస్తుంది. మూలభాషలో వినిపించేది మాత్రం వేరే. అక్కడికి వెళదాం.

హెబ్రీలో: ఎవరిది?

పాత నిబంధనలో ఈ అర్థానికి మూలమైన మాట ‘కాదష్’. పరిశుద్ధుడు అనడానికి కాదోష్, పరిశుద్ధత అనడానికి కోదెష్, పరిశుద్ధ స్థలానికి మిక్దాష్. ఇశ్రాయేలీయులు అరణ్యంలో దిగిన కాదేషు బర్నేయ పేరు కూడా ఈ కుటుంబానిదే. యెరూషలేమును అరబ్బీలో ‘అల్ ఖుద్స్’ అంటారు. అదీ ఇదే ధాతువు. యూదుల పెళ్లి నిశ్చయాన్ని ‘కిద్దుషీన్’ అంటారు. ఉంగరం తొడిగి వరుడు వధువుతో ‘నీవు నాకు ప్రత్యేకమైనదానవు’ అనే అర్థమిచ్చే మాట చెబుతాడు. అంటే ఇక ఆమె మరెవరి కోసమూ కాదు.

ఈ ధాతువుకు ‘కోసి వేరుచేయడం’ అనేది తొలి అర్థమని కొందరు పండితులు అంటారు. పాత అక్కదీయ భాషలోని దాని బంధువు మాటను చూపి, శుద్ధి, సమర్పణ అనే భావమే ముందు ఉన్నదని మరికొందరు అంటారు. పుట్టుక ఏదైనా, లేఖనాల్లో దాని వాడుక చూస్తే ఒక ప్రశ్న స్పష్టంగా వినిపిస్తుంది: ఇది ఎవరిది?

నిర్గమకాండము 13వ అధ్యాయం 2వ వచనం చూడండి. తొలిచూలు పిల్లలను తనకు ప్రతిష్ఠించమని దేవుడు మోషేకు ఆజ్ఞాపించి, వెంటనే కారణం కూడా చెబుతాడు: అవి నావి. ఆ తొలిచూలు బిడ్డ పక్కింటి బిడ్డ కంటే మంచివాడు కాదు, శుభ్రమైనవాడు కూడా కాదు. ఆ బిడ్డ దేవునివాడు. అంతే. యిర్మీయాను తల్లి గర్భంలో ఉండగానే ప్రతిష్ఠించానని ప్రభువు అన్నప్పుడు (యిర్మీయా 1:5), ఆ శిశువు అప్పటికి ఏ మంచి పనీ చేయలేదు. మంచితనం తరువాత రావాలి; ముందు వచ్చేది దేవుని హక్కు.

బైబిలులో ఈ క్రియ మొట్టమొదట కనిపించే చోటు కూడా ఆలోచింపజేస్తుంది. ఆదికాండము 2:3లో దేవుడు పరిశుద్ధపరచినది కొండను కాదు, గుడిని కాదు, బంగారాన్ని కాదు. ఒక దినాన్ని. రాజుకూ కూలికీ సమానంగా దొరికేది కాలమే కదా. ఇక మోషే చెప్పులు విడిచిన నేల మిద్యాను అరణ్యంలో గొర్రెలు మేసే చోటు. దేవుడు అక్కడికి వచ్చాడు గనుక అది పరిశుద్ధ ప్రదేశం అయింది. అక్కడ గుడి కట్టమని దేవుడు చెప్పలేదు. ఐగుప్తుకు వెళ్లి, వెట్టిచాకిరీలో మూలుగుతున్న ప్రజలను విడిపించమని చెప్పాడు.

ఒకే తెలుగు మాట వెనుక మరో రెండు

మన తెలుగు బైబిలులో ‘ప్రతిష్ఠ’ అని చదివిన ప్రతిచోటా కాదష్ ఉండదు. కొన్ని చోట్ల ‘చేయి నింపడం’ అనే హెబ్రీ పలుకుబడి ఉంటుంది. అహరోనును, అతని కుమారులను యాజకులుగా నియమించిన రోజు ఏం జరిగిందో లేవీయకాండము 8వ అధ్యాయం వివరిస్తుంది. పొట్టేలు రక్తాన్ని వారి కుడిచెవి కొనకు, కుడిచేతి బొటనవేలికి, కుడికాలి బొటనవేలికి పూశారు. వినే చెవి, పనిచేసే చేయి, నడిచే కాలు మూడూ దేవునివి అయ్యాయి. తరువాత అర్పణలోని భాగాలను, రొట్టెను వారి అరచేతుల్లో పెట్టారు. అదే చేయి నింపడం. అందులో గమనించవలసిన సంగతి ఏమిటంటే, నిండిన ఆ చేతులు ఆ అర్పణను దాచుకోలేదు. దానిని దేవుని ముందు అల్లాడించి బలిపీఠానికి ఇచ్చేశాయి. ఏడు దినాలు ఇలా సాగింది. సేవకుని ప్రతిష్ఠ అంటే పదవి చేతికి రావడం కాదు. ఇవ్వడానికి చేయి నిండటం.

రెండోది ‘హనుక్కా’. యోహాను 10:22లో మనం చదివే ఆలయ ప్రతిష్ఠిత పండుగ ఇదే. క్రీ.పూ. 167లో అంతియొకసు ఎపిఫనేసు యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేశాడు. క్రీ.పూ. 164లో యూదా మక్కబీయుడు, అతనితో ఉన్నవారు దానిని శుద్ధిచేసి మళ్లీ ఆరాధనకు తెరిచారు. ఆ జ్ఞాపకమే ఈ పండుగ. హనుక్కా వచ్చిన ధాతువుకు ఒకదానిని దాని అసలు పనిలో పెట్టడం అని భావం. ద్వితీయోపదేశకాండము 20:5లో కొత్త ఇంటి గృహప్రవేశానికి ఇదే ధాతువు. సామెతలు 22:6లో బాలునికి నడవవలసిన త్రోవ నేర్పమనే చోట కూడా ఇదే ధాతువు. పిల్లవాణ్ణి పెంచడం, గుడిని ప్రతిష్ఠించడం హెబ్రీ భాషలో చుట్టాలు. శిశు ప్రతిష్ఠ ఒక ఆదివారం ఉదయం ముగిసిపోయే కార్యక్రమం కాదని తల్లిదండ్రులకు ఇంతకంటే బాగా చెప్పలేం.

నూనె చెప్పే పాఠం

ప్రతిష్ఠకు వాడిన అభిషేక తైలం ఎలా చేయాలో నిర్గమకాండము 30వ అధ్యాయంలో కొలతలతో సహా ఉంది. పరిశుద్ధ స్థలపు తూకం చొప్పున గోపరసం 500, దాల్చిన 250, సువాసనగల గడ్డి 250, లవంగిపట్ట 500, వాటితో ఒలీవ నూనె. ఇవన్నీ బజారులో దొరికే సరుకులే. అయినా ఆ పాళ్లలో ఆ తైలాన్ని ఇంట్లో వాడుకోవడానికి చేసినవాణ్ణి ప్రజల్లో నుండి కొట్టివేయాలని ఆజ్ఞ. సరుకులో మహిమ లేదు; దేవుని కోసం అని చెప్పిన దానిని మన కోసం తిప్పుకోవడంలో దోషం ఉంది.

ప్రభువు కూడా పరిసయ్యులతో ఇదే అన్నాడు. ఏది గొప్పది, బంగారమా, బంగారాన్ని పరిశుద్ధపరచే దేవాలయమా? అర్పణా, అర్పణను పరిశుద్ధపరచే బలిపీఠమా? (మత్తయి 23:17–19). మన పాలరాయి, మన గోపురం, మన సౌండ్ సిస్టమ్ మందిరాన్ని పరిశుద్ధం చేయవు. ఎవరి సన్నిధి కోసం అది వేరుచేయబడిందో ఆయన చేస్తాడు.

గ్రీకులో, ఇతర భాషల్లో

క్రీ.పూ. మూడవ శతాబ్దం నుండి అలెగ్జాండ్రియా యూదులు పాత నిబంధనను గ్రీకులోకి తెచ్చుకున్నారు. గ్రీకుల గుళ్లకు, పూజలకు అప్పటికే ‘హియెరోస్’ అనే మాట బాగా వాడుకలో ఉంది. వారు దానిని ఎంచుకోకుండా, అంతగా వాడుకలో లేని ‘హగియోస్’ను కాదోష్‌కు సాటిగా తీసుకున్నారు. దాని క్రియ ‘హగియాజో’. కొత్త నిబంధనలో పరిశుద్ధపరచు, ప్రతిష్ఠచేయు అని మనం చదివే చోట్ల సాధారణంగా ఉండేది ఇదే. లాటిను నుండి ఇంగ్లీషుకు సాంక్టిఫై, కాన్సెక్రేట్ అనే మాటలు వచ్చాయి. ఇంగ్లీషు ప్రభువు ప్రార్థనలో వినిపించే ‘హాలోడ్’ మాత్రం ఇంగ్లీషువారి సొంత పాత మాట.

యోహాను 17:19లో ప్రభువు తన శిష్యుల కోసం తనను తాను ప్రతిష్ఠ చేసుకుంటున్నానని తండ్రితో చెప్పాడు. అక్కడ ఉన్నది హగియాజోయే. ఆ మాట అన్న రాత్రే ఆయనను పట్టుకున్నారు. మరునాడు సిలువ. ప్రతిష్ఠలో నుండి పరువు అనే అర్థాన్ని పూర్తిగా తీసివేసిన రాత్రి అది.

వేరుచేయడం అంటే వెలివేయడం కాదు

ఇక్కడ మన ప్రాంతపు సంగతి ఒకటి దాచకుండా చెప్పాలి. పరిశుద్ధత అంటే ‘ప్రత్యేకించబడటం’ అని ప్రసంగాల్లో వింటుంటాం. అది నిజమే. కానీ వేరుచేయడం అనే మాట తెలుగు నేల మీద ఊరికే వినిపించదు. మడి కట్టుకుని ఒకరిని ముట్టనివ్వని ఆచారం మనకు తెలుసు. అంటు పేరుతో కొన్ని కుటుంబాలను ఊరి వెలుపల పేటల్లో ఉంచిన చరిత్ర తెలుసు. మన సంఘాల్లో చాలామంది తాతముత్తాతలు ఆ పేటల్లో నుండి సువార్తను విన్నవారే. మంచినీళ్ల బావి దగ్గర వారిని ఆపింది కూడా ‘శుద్ధి’ అనే మాటే.

కాబట్టి ఈ రెండింటి తేడా మనకు తెలియాలి. మడి దూరంగా జరుగుతుంది, ముట్టుకుంటే పోతుంది. హగ్గయి 2వ అధ్యాయంలో యాజకులు చెప్పిన జవాబు కూడా ఇంచుమించు ఇదే: చెంగులోని ప్రతిష్ఠిత మాంసం తగిలినా రొట్టె ప్రతిష్ఠితం కాదు, శవాన్ని ముట్టినవాడు తాకితే మాత్రం అది అపవిత్రమవుతుంది. అంటుకునేది మురికే. కానీ మార్కు 1వ అధ్యాయంలో ప్రభువు చెయ్యి చాపి కుష్ఠరోగిని ముట్టాడు. మురికి ఆయనకు అంటలేదు. శుద్ధి ఆ రోగికి అంటింది. పరిశుద్ధుడు ముట్టుకునేవాడై వచ్చాడు.

హెబ్రీ పత్రిక 13:12 ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. ప్రజలను తన రక్తంతో పరిశుద్ధపరచడానికి యేసు గవిని వెలుపల శ్రమపడ్డాడని అక్కడ రాసి ఉంది. గవిని వెలుపల అంటే పట్టణం బయట, శుద్ధులమనుకునేవారు చేర్చుకోని చోట. పరిశుద్ధపరచే కార్యం గర్భాలయంలో కాకుండా ఊరి బయట జరిగింది. ఊరి బయట ఉంచబడిన వారి పిల్లలకు ఈ వచనం ఎంత సువార్తో వేరే చెప్పాలా? అలాంటి వచనం చదువుకునే సంఘంలో పెళ్లి సంబంధాల దగ్గరకు వచ్చేసరికి కులం అడగటం, సమాధుల తోటలో కూడా వేరు వరసలు కోరడం ఎంత విడ్డూరమో మనమే ఆలోచించుకోవాలి. దేవుని కోసం వేరుచేయబడటం వేరు. ఒకరి నుండి ఒకరు వేరుపడటం వేరు.

ప్రతిష్ఠ జరిగిందని ఎలా తెలుస్తుంది?

లేవీయకాండము 19వ అధ్యాయం దీనికి జవాబు. తాను పరిశుద్ధుడు గనుక ప్రజలు కూడా పరిశుద్ధులై ఉండాలని దేవుడు ఆ అధ్యాయం మొదట్లోనే చెప్పాడు. ఆ వెంట వచ్చే ఆజ్ఞల్లో సబ్బాతు, బలి ఉన్నాయి. కానీ వాటితో పాటే ఏమున్నాయో చూడండి. పొలం అంచులు కోయవద్దు, పరిగె ఏరవద్దు. అది బీదలకు, పరదేశులకు. కూలివాని కూలి తెల్లవారే దాకా నీ దగ్గర ఉంచుకోవద్దు. చెవిటివాణ్ణి తిట్టవద్దు. గుడ్డివాని దారికి అడ్డం వేయవద్దు. తూకంలో, కొలతలో మోసం చేయవద్దు.

మందిర ప్రతిష్ఠ తేదీ ఖరారు చేసుకున్న సంఘ పెద్దలు ఈ అధ్యాయాన్ని ఒకసారి కలిసి చదివితే బాగుంటుంది. తాపీ మేస్త్రీకి, ఇటుకలు మోసిన ఆడకూలీలకు బాకీ ఏమైనా ఉందా? సిమెంటు కొట్టు అప్పు తీరిందా? శిలాఫలకం మీద పేర్ల వరస కోసం గొడవ పడుతున్నామా? రిబ్బను కత్తిరించడానికి ఎవరిని పిలవాలన్న చర్చకు పెట్టిన సమయంలో సగమైనా ఆ మందిరంలోకి ఎవరు రాలేకపోతున్నారో ఆలోచించడానికి పెట్టామా? కూలి బాకీ ఉన్న గోడ మీద ఎంత నూనె పోసినా అది ‘పరువు ప్రతిష్ఠ’ల గోడగానే ఉంటుంది.

మందిరం లేని చోట కూడా ప్రతిష్ఠ ఉంది. అవిశ్వాసి అయిన భర్త భార్యను బట్టి పరిశుద్ధపరచబడతాడని పౌలు రాశాడు (1 కొరింథీ 7:14). ఇంట్లో ఒంటరిగా ప్రార్థించే ఎందరో తల్లులకు ఇది ఆదరణ. ఆ ఇల్లు అప్పుడే దేవుని లెక్కలో ఉంది. ఆహారం దేవుని వాక్యం వల్ల, ప్రార్థన వల్ల పవిత్రపరచబడుతుందని తిమోతికి రాశాడు. అన్నం ముందు కళ్లు మూసుకునే ఆ రెండు నిమిషాలు ఒక చిన్న ప్రతిష్ఠ. తగవులతో, వ్యాజ్యాలతో నిండిన కొరింథు సంఘాన్ని కూడా అతడు పరిశుద్ధపరచబడినవారు అనే పిలిచాడు. వారి నడతను మెచ్చుకుని కాదు. వారు ఎవరివారో గుర్తుచేసి, ఆ నడతను మార్చుకోమని.

ప్రధాన యాజకుని నొసటి బంగారు రేకు మీద ‘యెహోవాకు పరిశుద్ధం’ అనే అర్థమిచ్చే రెండు హెబ్రీ మాటలు చెక్కి ఉండేవి. జెకర్యా ప్రవక్త తన గ్రంథం చివర ఒక దినాన్ని చూశాడు. ఆ దినాన అవే మాటలు గుర్రాలకు కట్టే వాటి మీద కూడా ఉంటాయి. యెరూషలేములో వంట వండుకునే ప్రతి పాత్రా ప్రతిష్ఠితమవుతుంది. గుడిలోని మాట వీధిలోకి, వంటింట్లోకి నడిచి వస్తుందన్నమాట. మన ఆటో మీద, దుకాణం మీద వాక్యం రాయించుకునే అలవాటు మనకు ఉండనే ఉంది. ఆ ఆటో మీటరు, ఆ దుకాణం తక్కెడ కూడా ప్రభువువే అయిన రోజున ఆ రాత నిజమవుతుంది.

ఈసారి ప్రతిష్ఠ ఆహ్వానం చేతికి వచ్చినప్పుడు, సహోదరీ సహోదరులారా, ముఖ్య అతిథి ఎవరో చూసే ముందు మనల్ని మనం ఒక మాట అడుగుదాం. ఈ కట్టడం, ఈ చేతులు, ఈ వారం, ఈ సంపాదన ఎవరివి? ‘ప్రభువా, నీవే’ అని నోరు చెప్పి, చేయి కూడా తెరుచుకుంటే ప్రతిష్ఠ మొదలైనట్టే. ఆ కృప ప్రభువు మన సంఘాలన్నిటికీ దయచేయును గాక.